మగ్గాల మోత పక్కన మంచి పాట: డిస్కు ప్లేయర్‌ను ఎలా ఎంచుకోవాలి?

సూరత్ నగరానికి దక్షిణాన, పాండేసరా పారిశ్రామికవాడకు ఆనుకుని బమ్రోలి ఉంది. మరమగ్గాల షెడ్లూ, వాటిలో పనిచేసేవాళ్ల ఇళ్లూ పక్కపక్కనే కనిపించే ప్రాంతం ఇది. నేతపని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన కుటుంబాలు సూరత్‌లో తరాలుగా స్థిరపడి ఉన్నాయి. బమ్రోలిలో అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. తండ్రి ముప్పై ఏళ్లు సాంచెల మీద పనిచేశాడు. ఇంట్లో ఒక ఇనుప పెట్టె నిండా డిస్కులున్నాయి. వాటిలో ఘంటసాల పాటల సీడీలు, పాత సినిమాల వీసీడీలు, కొన్ని డీవీడీలు ఉన్నాయి. వాటిని ఆడించే ప్లేయర్ మాత్రం పాడైపోయింది. ఉద్యోగంలో చేరిన కొడుకు, ఈసారి కొంటే మంచిదే కొనాలని నిశ్చయించుకున్నాడు.

చిక్కు అక్కడే మొదలైంది. ఒక ప్లేయర్ ధర కొన్ని వేలు. ఇంకొకటి లక్ష దాటుతోంది. రెండూ ఒకే సీడీని తిప్పుతాయి, ఒకే పాటను పాడతాయి. మరి ఆ ధరల మధ్య తేడా దేనికి? అందులో చెవికి, కంటికి నిజంగా అందేది ఎంత?

దీనికి జవాబు కావాలంటే డిస్కు నుంచి చెవి దాకా సాగే ప్రయాణాన్ని మూడు మజిలీలుగా విడదీసి చూడాలి. డిస్కు మీది అంకెలను చదవడం మొదటిది. ఆ అంకెలను విద్యుత్ తరంగంగా మార్చడం రెండోది. ఆ తరంగం గదిలో శబ్దమై చెవికి చేరడం మూడోది. ఎక్కువ ధర ఒక్కో మజిలీలో ఒక్కోలా పనిచేస్తుంది. ఒకచోట దాదాపు ఏమీ మార్చదు. ఇంకోచోట కొంత మారుస్తుంది. అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చే మజిలీ అసలు ప్లేయర్‌లోనే లేదు.

మగ్గం అట్ట నుంచి డిస్కు దాకా

నేత కుటుంబానికి డిజిటల్ అనే మాటను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. జకార్డు మగ్గం మీద డిజైన్ అంతా అట్టల మీది రంధ్రాల్లోనే ఉంటుంది. ఫ్రాన్స్‌కు చెందిన జోసెఫ్ మరీ జకార్డ్ 1804 ప్రాంతంలో రూపొందించిన పద్ధతి ఇది. అట్టలో రంధ్రం ఉన్నచోట ఆ పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. మధ్యస్థంగా ఏదీ ఉండదు. అట్ట కొత్తదైనా పాతదైనా, మామూలు కాగితపుదైనా ఖరీదైనదైనా, రంధ్రాలు సరైన చోట ఉన్నంతవరకు బట్ట మీద పువ్వు ఒకేలా వస్తుంది.

సీడీ కూడా అలాంటి అట్టే. సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి రూపొందించిన సీడీ 1982లో మార్కెట్లోకి వచ్చింది. 120 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ప్లాస్టిక్ పళ్లెంలో, లోపలి నుంచి బయటికి తిరిగే ఒకే సర్పిలం మీద కోట్లాది చిన్న గుంతలు ఉంటాయి. గుంత మొదలయ్యేచోటు, ముగిసేచోటు '1'ని సూచిస్తాయి. మార్పు లేని భాగం '0' అవుతుంది.

ఆ అంకెల్లో ఏముంది? మైక్రోఫోన్ నుంచి వచ్చిన తరంగం ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్లలో రాస్తారు. ఎడమ, కుడి అని రెండు ఛానెళ్లు ఉంటాయి కాబట్టి సెకనుకు 14,11,200 బిట్లు అవుతాయి. 44,100 అన్న సంఖ్యకు ఒక కారణం ఉంది. ఒక తరంగాన్ని నష్టం లేకుండా తిరిగి నిర్మించాలంటే, అందులోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. హ్యారీ నైక్విస్ట్, క్లాడ్ షానన్ ల పేర్లతో ప్రసిద్ధమైన సూత్రం ఇది. ఆరోగ్యంగా ఉన్న యువకుల చెవి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. దానికి రెట్టింపు 40,000. సీడీ ఆ హద్దును దాటి కొలుస్తోంది.

ఇక్కడ తరచూ వినిపించే అపోహ ఒకటుంది. డిజిటల్ శబ్దం మెట్లు మెట్లుగా ఉంటుందని, మెట్ల సంఖ్య పెరిగేకొద్దీ పాట నునుపవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్లేయర్‌లోని ఫిల్టర్ ఆ కొలతల మీదుగా సాగే ఒకే ఒక్క నున్నటి తరంగాన్ని తిరిగి నిర్మిస్తుంది. బయటికి వచ్చే తరంగంలో మెట్లు ఉండవు.

గుంతను చదివే వెలుగు

సీడీ గుంత లోతు, ప్లాస్టిక్‌లో లేజర్ తరంగదైర్ఘ్యంలో సుమారు నాలుగో వంతు ఉంటుంది. గుంత అడుగుకు వెళ్లి తిరిగొచ్చే కాంతి, చుట్టుపక్కల నుంచి తిరిగొచ్చే కాంతి కంటే సగం తరంగదైర్ఘ్యం వెనకబడుతుంది. ఒకదాని శిఖరం ఇంకొకదాని లోయతో కలిసి రెండూ రద్దవుతాయి. అందుకే గుంత మీద వెలుగు తగ్గుతుంది, చదునుగా ఉన్నచోట పెరుగుతుంది. ప్లేయర్ చదివేది ఈ వెలుగునీడలనే.

ఎంత చిన్న గుంతను చదవగలమన్నది లేజర్ చుక్క పరిమాణం మీద ఆధారపడుతుంది. ఆ చుక్క తరంగదైర్ఘ్యాన్ని బట్టి, కటకం కాంతిని ఎంత వెడల్పాటి కోణంలో కేంద్రీకరిస్తుందన్న దాన్ని బట్టి మారుతుంది. మూడు తరాల డిస్కులను పోల్చితే ఇది స్పష్టమవుతుంది.

సీడీ: 780 నానోమీటర్ల పరారుణ లేజర్. సర్పిలం వరుసల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. సామర్థ్యం సుమారు 700 మెగాబైట్లు.

డీవీడీ (1996): 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. వరుసల మధ్య దూరం 0.74 మైక్రోమీటర్లు. ఒక పొరకు 4.7 గిగాబైట్లు.

బ్లూరే (2006): 405 నానోమీటర్ల నీలి ఊదా లేజర్. వరుసల మధ్య దూరం 0.32 మైక్రోమీటర్లు. ఒక పొరకు 25 గిగాబైట్లు.

డీవీడీతో పోల్చితే బ్లూరే లేజర్ చుక్క వైశాల్యం సుమారు 5.2 రెట్లు చిన్నది. సామర్థ్యం సుమారు 5.3 రెట్లు పెద్దది. డీవీడీ నుంచి బ్లూరేకు దక్కిన లాభం దాదాపు అంతా ఆ చిన్న చుక్క పుణ్యమే. 2016లో వచ్చిన 4కె అల్ట్రా హెచ్‌డీ బ్లూరే అదే లేజర్‌తో, మరిన్ని పొరలతో 100 గిగాబైట్ల దాకా వెళ్లింది.

అందువల్ల ఒక ప్లేయర్‌లో ఏయే తరంగదైర్ఘ్యాల లేజర్లు ఉన్నాయన్నదే దాని మొదటి హద్దు. డీవీడీ ప్లేయర్ ఎంత ఖరీదైనదైనా బ్లూరేను చదవలేదు. నీలి లేజర్ ఉన్న ప్లేయర్లలో మాత్రం సాధారణంగా మిగతా రెండు లేజర్లూ ఉంటాయి.

గీత పడ్డా పాట ఆగదెందుకు?

ఇనుప పెట్టెలోని సీడీల మీద గీతలుంటాయి. అయినా చాలావరకు పాడతాయి. దీనికి కారణం 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు గణిత శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన దోష సవరణ పద్ధతి. పాట అంకెలతో పాటు, వాటి నుంచి లెక్కగట్టిన అదనపు అంకెలను కూడా డిస్కు మీద రాస్తారు. కొన్ని పోయినా, మిగిలినవాటి నుంచి పోయినవి ఏమిటో కచ్చితంగా తేల్చవచ్చు. పైగా పక్కపక్కన ఉండాల్సిన అంకెలను డిస్కు మీద చెల్లాచెదురుగా పరుస్తారు. ఒకచోట గీత పడితే, పాటలో ఒకేచోట పెద్ద రంధ్రం పడదు. చాలాచోట్ల చిన్న చిన్న లోపాలు మాత్రమే వస్తాయి. అవి సవరణకు లొంగుతాయి. సర్పిలం వెంబడి సుమారు 2.5 మిల్లీమీటర్ల పొడవున, దాదాపు 4,000 బిట్లు పోయినా సీడీ పద్ధతి వాటిని పూర్తిగా రాబట్టగలదు. నష్టం అంతకు మించితే ప్లేయర్ ముందు వెనుక కొలతలను చూసి ఊహించి పూరిస్తుంది. అదీ కుదరకపోతే ఆ క్షణం మూగబోతుంది.

మొదటి మజిలీకి సంబంధించిన జవాబు ఇందులోనే ఉంది. సవరణ ఫలించినంతవరకు చవక ప్లేయర్ చదివిన అంకెలు, ఖరీదైన ప్లేయర్ చదివిన అంకెలు ఒక్కటే. దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. శుభ్రంగా ఉన్న ఒకే సీడీని రెండు వేర్వేరు కంప్యూటర్ డ్రైవులతో కాపీ చేసి, ఆరంభంలోని చిన్న జరుగుదలను సరిచేసి పోల్చితే, కోట్లాది బిట్లు ఒకదానితో ఒకటి సరిపోతాయి. పది కిలోల లోహపు పెట్టె, మందపాటి ట్రే ఉన్నంత మాత్రాన '1' మరింత మంచి '1' అయిపోదు. ఖరీదైన అట్టకు రంధ్రం చేస్తే పువ్వు మెరుగుపడనట్టే.

గట్టి యంత్రాంగం వల్ల ప్రయోజనం వేరే చోట ఉంది. అది మోటారు చప్పుడు లేకుండా తిరుగుతుంది. వంకరపోయిన, గీతలు పడ్డ డిస్కులను ఓపికగా చదువుతుంది. ఎక్కువ ఏళ్లు మన్నుతుంది. పాత డిస్కులు చాలా ఉన్న ఇంటికి ఈ గుణాలు ముఖ్యమే.

డిస్కును తుడవడంలోనూ ఇదే గణితం పనికొస్తుంది. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు. నేరుగా పడిన గీత సర్పిలాన్ని అడ్డంగా దాటుతుంది కాబట్టి ఒక్కో చుట్టులో కొద్దిగానే చెరుపుతుంది. గుండ్రంగా పడిన గీత ఒకే చుట్టు వెంట సాగి, 2.5 మిల్లీమీటర్ల హద్దును సులువుగా మించిపోతుంది.

అంకె శబ్దంగా మారే చోటు

రెండో మజిలీ డిజిటల్ నుంచి అనలాగ్‌కు మార్చే చిప్. దీన్ని డాక్ అంటారు. ఇక్కడ నాణ్యతకు అర్థం ఉంది. అంకెలు ఎంత సరైనవైనా, వాటిని సరైన క్షణంలో మార్చకపోతే తరంగం వంకరపోతుంది. ఈ కాలవిచలనాన్ని జిట్టర్ అంటారు. 20,000 హెర్ట్జ్ పౌనఃపున్యంలో, పూర్తి ఎత్తున ఉన్న తరంగంలో ఈ లోపం 16 బిట్ల చివరి మెట్టులో సగానికి మించకూడదనుకుందాం. లెక్కేస్తే గడియారం తప్పు సుమారు 121 పికోసెకన్ల లోపే ఉండాలి. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు. వినడానికి భయపెట్టే సంఖ్యే కానీ, చక్కగా రూపొందించిన నేటి చిప్‌లు ఈ హద్దులో సులువుగానే ఉంటాయి. మంచి డాక్ పరికరం ఇప్పుడు లక్షలు పోస్తేనే దొరికే వస్తువు కాదు.

కొనేవాళ్లు గమనించాల్సిన ఇంకో ముఖ్య విషయం, ప్లేయర్‌ను ఏ తీగతో కలుపుతున్నారన్నది. హెచ్‌డీఎంఐ తీగతో యాంప్లిఫయర్‌కు గానీ టీవీకి గానీ కలిపితే, ప్లేయర్ అంకెలను మాత్రమే పంపుతుంది. వాటిని శబ్దంగా మార్చేది అవతలి యంత్రంలోని డాక్. అప్పుడు ప్లేయర్‌లో ఎంత గొప్ప డాక్ ఉన్నా అది ఖాళీగా కూర్చుంటుంది. ఎరుపు తెలుపు పిన్నుల ఆర్‌సీఏ తీగలతో నేరుగా స్టీరియో యాంప్లిఫయర్‌కు కలిపేవాళ్లకే ప్లేయర్‌లోని అనలాగ్ భాగం ఉపయోగపడుతుంది. ఖరీదైన నమూనాల ధరలో పెద్ద వాటా ఈ అనలాగ్ భాగానిదే. హెచ్‌డీఎంఐ మాత్రమే వాడే ఇంట్లో ఆ డబ్బు వృథా.

16 బిట్లు చాలవా?

ఒక్కో బిట్ సుమారు 6 డెసిబెల్స్ వ్యత్యాసాన్ని పట్టుకోగలదు. 16 బిట్లకు 96 డెసిబెల్స్ వస్తాయి. పాటలోని అతి సన్నని శబ్దానికి, అతి పెద్ద శబ్దానికి మధ్య అంత దూరాన్ని సీడీ చూపగలదన్నమాట. 1999లో వచ్చిన సూపర్ ఆడియో సీడీ, ఆ తర్వాతి డీవీడీ ఆడియో, బ్లూరే డిస్కులు అంతకు మించి ఇవ్వగలవు. 24 బిట్లకు సిద్ధాంతపరంగా 144 డెసిబెల్స్.

ఈ అంకెలను ఇప్పుడు బమ్రోలి ఇంట్లోకి తెచ్చి చూద్దాం. భారత ప్రభుత్వపు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. పారిశ్రామిక ప్రాంతాల్లో అది 75, 70. షెడ్ల పక్కనున్న ఇంట్లో కిటికీలన్నీ మూసి, గదిలో 45 డెసిబెల్స్ దాకా తగ్గించగలిగారనుకుందాం. పాటలోని అతి పెద్ద శబ్దం 95 డెసిబెల్స్‌కు చేరేలా పెడితే, స్థూలంగా వినిపించే వ్యత్యాసం 95 నుంచి 45 తీసేస్తే మిగిలే 50 డెసిబెల్స్. చెవి మోత అడుగున ఉన్న శబ్దాలను కూడా కొంతమేరకు పట్టుకోగలదు కాబట్టి ఇంకాస్త కలుపుకోవచ్చు. ఎంత కలిపినా 96 హద్దుకు చాలా దూరంలోనే ఆగిపోతాం. సన్నని శబ్దాలను మింగేస్తున్నది 16 బిట్ల లోపం కాదు, కిటికీ అవతలి మగ్గం మోత.

పెట్టెలోని పాత పాటల సంగతి కూడా అంతే. అనలాగ్ టేపు మీద రికార్డయిన కాలపు పాటల్లో టేపు సొంత రొద వల్ల వ్యత్యాసం సాధారణంగా 60, 70 డెసిబెల్స్ దగ్గరే ఆగుతుంది. దాన్ని 96 డెసిబెల్స్ సీడీ పూర్తిగా పట్టుకోగలదు.

ప్రశాంతమైన గదిలో, మంచి పరికరాలతో విన్నా తేడా తెలుస్తుందా? బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరాన్ 2007లో ప్రచురించిన ప్రయోగం ఈ ప్రశ్న మీదే జరిగింది. అధిక నాణ్యత డిస్కు నుంచి నేరుగా వచ్చే శబ్దాన్ని, అదే శబ్దాన్ని సీడీ ప్రమాణానికి కుదించిన రూపంతో పోల్చమని శ్రోతలను అడిగారు. ఏది ఏదో వాళ్లకు చెప్పలేదు. 554 ప్రయత్నాల్లో 276 సరైన జవాబులు వచ్చాయి. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది. అయితే 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ 18 అధ్యయనాల ఫలితాలను కలిపి విశ్లేషించినప్పుడు సగటున 52 శాతానికి కాస్త పైన సరైన జవాబులు వచ్చాయి. శిక్షణ పొందిన శ్రోతల్లో అది ఇంకా పెరిగింది. కాబట్టి తేడా అసలే లేదనలేం. ఉన్నది మాత్రం చాలా చిన్నది, దాన్ని పట్టుకోవాలంటే సాధన కావాలి.

అలాగని అధిక నాణ్యత డిస్కులు ఎందుకూ కొరగావని కాదు. మేయర్, మోరాన్ గమనించినట్టు అలాంటి డిస్కులు చాలావరకు వినడానికి బాగుంటాయి. వాటి రికార్డింగులో, తుది కూర్పులో చూపిన శ్రద్ధే అందుకు కారణం. పాటను బాగా రికార్డు చేసిన మనిషి పనితనం, బిట్ల సంఖ్య కంటే ఎక్కువగా వినిపిస్తుంది.

సినిమా సంగతి వేరు

బొమ్మ విషయంలో ఆకృతుల మధ్య తేడా కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. వీసీడీలో ఒక చట్రానికి 352 అడ్డం, 288 నిలువు బిందువులు. అంటే సుమారు లక్ష. డీవీడీలో 720 అడ్డం, 576 నిలువు బిందువులతో సుమారు 4 లక్షల 15 వేలు. 4కె తెరలో సుమారు 83 లక్షలు. వీసీడీని 4కె టీవీలో చూస్తే ప్రతి 82 బిందువుల్లో ఒకటే డిస్కు నుంచి వచ్చినట్టు లెక్క. మిగతా 81 బిందువులను ప్లేయర్ గానీ టీవీ గానీ చుట్టుపక్కల చూసి ఊహించి నింపుతుంది.

ఊహ బాగుంటే అంచులు నున్నగా కనిపిస్తాయి, గళ్లు తగ్గుతాయి. డిస్కులో లేని కనుబొమ్మ వెంట్రుకలను మాత్రం ఏ యంత్రమూ నిజంగా తీసుకురాలేదు. 'డీవీడీని 4కెగా మార్చే ప్లేయర్' అన్న ప్రకటనను ఈ లెక్కతో చదువుకోవాలి. పైగా కొత్త టీవీల్లో ఆ పనిచేసే చిప్ ముందే ఉంటుంది.

4కె బ్లూరేకు సెకనుకు 128 మెగాబిట్ల దాకా ప్రవాహం ఉండవచ్చు. ఇంటర్నెట్ ద్వారా వచ్చే 4కె సినిమాలు సాధారణంగా ఇందులో కొద్ది వంతుతోనే సరిపెట్టుకుంటాయి. పొగ, వర్షం, చీకటి సన్నివేశాల్లో ఈ తేడా బయటపడుతుంది. డిస్కులోని డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ శబ్దం ఒక్క బిట్ కూడా పోకుండా అందుతుంది. అయితే తెలుగు సినిమాల డిస్కుల్లో ఎక్కువ భాగం వీసీడీ, డీవీడీలే. ఇంట్లో ఉన్నవి, ఇకపై కొనబోయేవి ఏమిటో లెక్క చూసుకున్నాకే 4కె ప్లేయర్ అవసరమా కాదా అన్నది తేలాలి.

చెవి ముందు, యంత్రం తర్వాత

మూడో మజిలీ గది, చెవి. ఆ ఇంట్లో సినిమా పెట్టగానే తండ్రి అనే మాట ఒకటే: "మాటలు సరిగ్గ సమజైతలేవు బిడ్డా, జర సౌండు పెంచు." పాత ప్లేయర్ బాగోలేకే అలా ఉందని కొడుకు అనుకోవచ్చు. కారణం వేరే కావచ్చు.

మరమగ్గాల షెడ్లలో మోత 90 డెసిబెల్స్ దాటడం మామూలే. మన కర్మాగారాల నియమాలు రోజుకు 8 గంటల పనికి పెట్టిన పరిమితి కూడా 90. ఏళ్ల తరబడి అలాంటి మోతలో ఉంటే లోపలి చెవిలోని రోమకణాలు దెబ్బతింటాయి. మనిషిలో అవి తిరిగి పెరగవు. మోత వల్ల వచ్చే నష్టం మొదట 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ ల మధ్య కనిపిస్తుంది. అచ్చులకు బలం తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది కాబట్టి అవి వినిపిస్తూనే ఉంటాయి. స, శ, చ, త వంటి హల్లులను గుర్తుపట్టడానికి కావాల్సిన ఆధారాలు పై పౌనఃపున్యాల్లో ఉంటాయి. అవి మసకబారతాయి. అందుకే మాట వినిపిస్తుంది కానీ అర్థం కాదు.

అలాంటి చెవికి 20,000 హెర్ట్జ్ పైన ఏముందన్న చర్చతో పనిలేదు. ఉన్న వినికిడిని కాపాడుకోవడమే ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన సురక్షిత పరిమితి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10, 89 వద్ద 5 గంటలే. బయటి మోతను మించాలని సౌండు పెంచుకుంటూ పోతే, షెడ్డులో రోజంతా అలసిన చెవికి ఇంట్లోనూ విశ్రాంతి ఉండదు.

సౌండు పెంచకుండా మాట స్పష్టంగా వినిపించే మార్గాలు ఉన్నాయి. కిటికీ సందులకు రబ్బరు పట్టీ వేసి, మందపాటి తలుపు పెడితే మోత తగ్గుతుంది. గదిలో ఎంత మోత తగ్గితే పాటకు అంత చోటు దొరుకుతుంది. స్పీకర్లను దగ్గరికి జరిపితే సౌండు పెంచకుండానే మాట బలంగా అందుతుంది. ఆరుబయట దూరం సగమైతే 6 డెసిబెల్స్ పెరుగుతాయి. గదిలో గోడల ప్రతిధ్వని వల్ల ఆ లాభం కొంత తగ్గుతుంది. సినిమాల 5.1 శబ్దంలో సంభాషణ ఎక్కువగా మధ్య స్పీకర్‌కే వస్తుంది కాబట్టి, దాని స్థాయి ఒక్కటీ కాస్త పెంచవచ్చు. చాలా ప్లేయర్లలో, యాంప్లిఫయర్లలో ఉండే 'నైట్ మోడ్' పెద్ద శబ్దాలను తగ్గించి చిన్నవాటిని పైకి తెస్తుంది. వీటన్నిటికంటే ముందు ఆడియోగ్రామ్ పరీక్ష చేయించుకోవాలి. నష్టం ఎక్కడుందో తెలిస్తే దేనికి ఖర్చు పెట్టాలో తెలుస్తుంది.

దుకాణానికి వెళ్లేముందు

పెట్టెను తెరిచి లెక్కపెట్టాలి. సీడీలు ఎన్ని, వీసీడీలు ఎన్ని, డీవీడీలు ఎన్ని? కొత్త ప్లేయర్లన్నీ వీసీడీని ఆడతాయన్న హామీ లేదు. వివరాల పత్రంలో దాని పేరు ఉందో లేదో చూడాలి, వీలైతే ఇంటి నుంచి ఒక వీసీడీ తీసుకెళ్లి ఆడించి చూడాలి. ధర ఎక్కువైతే అన్నీ ఆడుతుందని అనుకోకూడదు. పానసోనిక్ డీపీ యూబీ9000 ఆ సంస్థ ఖరీదైన 4కె ప్లేయర్. అయినా సూపర్ ఆడియో సీడీని ఆడదు. అంతకంటే చాలా తక్కువ ధర ఉన్న సోనీ యూబీపీ ఎక్స్800ఎం2 ఆడుతుంది.

ప్రాంత సంకేతం చూడాలి. భారత్‌కు డీవీడీలో 5వ ప్రాంతం, బ్లూరేలో 'సి' ప్రాంతం. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన డిస్కులు ఇక్కడి ప్లేయర్‌లో ఆడకపోవచ్చు. 4కె బ్లూరేకు ఈ బెడద లేదు.

విదేశాల నుంచి ప్లేయర్‌నే తెప్పించుకుంటే వోల్టేజి చూడాలి. జపాన్‌లో 100, అమెరికాలో 120, మన దగ్గర 230 వోల్టులు. వెనకవైపు '100-240' అని రాసి ఉంటేనే నేరుగా ప్లగ్గులో పెట్టాలి.

విడిభాగాలు, మరమ్మతు సంగతి అడగాలి. ఒప్పో డిజిటల్ 2018లో ప్లేయర్ల తయారీ నుంచి తప్పుకుంది. 2019లో శామ్‌సంగ్ అమెరికా మార్కెట్‌లో కొత్త బ్లూరే ప్లేయర్లు తీసుకురావడం మానేసింది. లేజర్ భాగం అరిగిపోయే వస్తువు. పదేళ్ల తర్వాత అది దొరుకుతుందా అన్న ప్రశ్న, ఇప్పుడు డాక్ చిప్ పేరు కంటే పెద్దది.

దుకాణంలో రెండు ప్లేయర్లను పోల్చేటప్పుడు సౌండు స్థాయి సమానం చేయమనాలి. చాలా సీడీ ప్లేయర్ల అనలాగ్ ఔట్‌పుట్ 2 వోల్టులు. ఏదైనా అంతకంటే ఎక్కువ ఇస్తే పాట కాస్త గట్టిగా వినిపిస్తుంది. గట్టిగా ఉన్నదే చెవికి 'మెరుగ్గా' తోస్తుంది. స్థాయి సమానం చేశాక, ఏది మోగుతోందో చూడకుండా పదిసార్లు గుర్తుపట్టి చూడాలి. ఊరికే ఊహించి చెప్పినా పదికి ఎనిమిదో అంతకంటే ఎక్కువో సరిపోయే అవకాశం సుమారు 5.5 శాతం ఉంది. తొమ్మిదికి పైన అయితే ఒక శాతమే. తొమ్మిది వస్తే ఆ తేడా నిజమేనని నమ్మవచ్చు. ఐదారు దగ్గరే ఆగితే, ఆ డబ్బు జేబులో ఉంచుకోవచ్చు.

చివరగా, షెడ్ల పక్కనున్న ఇంట్లో పోగుల దుమ్మును మర్చిపోకూడదు. సీడీ పైతలం మీద లేజర్ సుమారు 0.7 మిల్లీమీటర్ల వెడల్పున పరుచుకుని ఉంటుంది కాబట్టి చిన్న దుమ్ము రేణువు దాన్ని పెద్దగా అడ్డుకోలేదు. బ్లూరే గుంతలు పైతలానికి 0.1 మిల్లీమీటరు దూరంలోనే ఉంటాయి. అక్కడ లేజర్ వెడల్పు 0.13 మిల్లీమీటరే. అదే రేణువు అక్కడ ఎక్కువ వెలుగును ఆపేస్తుంది. ఇక దుమ్ము లోపలి కటకం మీదే పేరుకుంటే ఏ డిస్కూ సరిగ్గా ఆడదు. ట్రేను తెరిచి వదిలేయకుండా, వాడనప్పుడు గాలి కిటికీలు మూసుకోని మూత కాకుండా పల్చటి బట్ట కప్పి, వాడేటప్పుడు దాన్ని తప్పనిసరిగా తీసేస్తే చాలు.

ఇవన్నీ లెక్కలోకి తీసుకుంటే ఆ బమ్రోలి ఇంటికి తగిన కొనుగోలు దాదాపు తేలిపోతుంది. పెట్టెలోని డిస్కులన్నిటినీ ఆడగలిగే, సర్వీసు దొరికే మధ్యస్థ ధర ప్లేయర్ ఒకటి కొనాలి. మిగిలిన డబ్బులో ఒక మంచి మధ్య స్పీకరూ, కిటికీలకు రబ్బరు పట్టీలూ, తండ్రికి ఒక వినికిడి పరీక్షా వస్తాయి. ఘంటసాల పాట అంకెలు ఆ పాత సీడీలో ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అవి ఆయన చెవి దాకా చేరడానికి ఎక్కువ సాయం కావాల్సింది ప్లేయర్ బయటే.